మిర్యాలగూడ మీదుగా మంచు మీదికి

అంతర్జాతీయ ఫిగర్ స్కేటింగ్ చాంపియన్‌షిప్ చూడాలనుకునేవాళ్ళకి నా సలహా ఒక్కటే. కాకినాడలో రాత్రి బస్సెక్కి సూర్యాపేటలో దిగండి. అక్కణ్ణించి కోదాడ వెళ్ళండి, కోదాడ నుంచి మిర్యాలగూడ. పాస్‌పోర్టు అక్కర్లేదు, స్వెట్టరు అక్కర్లేదు, పైగా బగారా అన్నం పెడతారు. పోటీ జరిగింది కొరియాలోనే, కాదనను. కానీ అందులో అసలు ఘట్టం మాత్రం మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. నేను వెళ్ళాను, చూశాను, తిరిగొచ్చాను. వచ్చి పదిరోజులైనా కాళ్ళు నేలమీద ఆనడం లేదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మా చెల్లెలు సుజాత కూతురు కీర్తన. పందొమ్మిదేళ్ళ పిల్ల. హైదరాబాదులో ఒక మాల్‌లో ఉన్న చిన్న ఐసు రింకు మీద పడుతూ లేస్తూ ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంది. సంగీతానికి తగ్గట్టు మంచు మీద జారాలి, గాల్లోకెగిరి గిరగిరా తిరగాలి, మళ్ళీ ఒంటికాలి మీద దిగాలి. ఇదంతా బూటు కింద బిగించిన సన్నటి ఇనప బద్దె మీద. నేనైతే మా పెరట్లో తడి గచ్చు మీద నడవడానికే గోడ పట్టుకుంటాను. ఏడేళ్ళ కష్టం తర్వాత ఈ ఏడు ఆ పిల్లకి దేశం తరఫున కొరియా వెళ్ళే అవకాశం వచ్చింది. తల్లీ కూతురూ, కోచ్ కలిసి వెళ్ళారు.

బుధవారం సాయంత్రం సుజాత ఫోన్ చేసింది. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు.

"అక్కా, లట్కన్లు!" అంది.

లట్కన్లంటే తెలుసుగా, జాకెట్టు వీపు మీద వేలాడే పూసల కుచ్చులు. కీర్తన నీలం డ్రెస్సు మెడకీ వీపుకీ వెండి రంగు మగ్గం వర్క్ చేయించింది సుజాత. బట్టని చెక్క చట్రానికి బిగించి, కొక్కెం సూదితో గొలుసుకుట్టు వేస్తూ పూసలు కూర్చే పని అది. సుజాత ఎనిమిదేళ్ళు సూర్యాపేటలో టీచరుగా చేసింది. తన జాకెట్లన్నీ కుట్టించిన దుకాణంలోనే దీన్నీ ఇచ్చింది. డ్రెస్సు సరిగ్గా ప్రయాణం ముందురోజు చేతికొచ్చింది, మడత విప్పకుండా పెట్టెలో పెట్టేశారు. తీరా కొరియాలో ప్రాక్టీసులో కీర్తన గిర్రున తిరిగితే వీపు మీద నుంచి రెండు కుచ్చులు లేచి ఆ పిల్ల చెంపలు వాయించాయి. ఎవరూ అడగకుండానే ఆ మగ్గం చేసినావిడ ప్రేమకొద్దీ రెండు లట్కన్లు కట్టి పంపింది!

డ్రెస్సులోంచి పూసో కుచ్చో ఊడి మంచు మీద పడితే ఒక మార్కు కోత. అది అక్కడి రూలు. పోటీలో ముప్ఫైమంది. మొదటి రోజు ఆటలో మొదటి ఇరవై నాలుగు స్థానాల్లో ఉన్నవాళ్ళకే రెండో ఆట. కీర్తనకి పతకం మాటే లేదు, ఆ ఇరవై నాలుగో స్థానమే ఆ పిల్ల ఆకాశం. అటో ఇటో ఉన్నవాళ్ళకి ఒక మార్కంటే ప్రాణమే.

"కత్తెరతో కోసెయ్యవే" అన్నాను.

"నా పట్టుజాకెట్టు లట్కన్ ఒకసారి కోశాను, గుర్తులేదా? గొలుసుకుట్టు మొత్తం జర్రున ఊడిపోయింది. పూసలు నెలరోజులు ఇల్లంతా ఏరాం. ఎక్కడ కొయ్యాలో కట్టినావిడకే తెలుస్తుంది. దుకాణంవాళ్ళు ఆవిడ నంబరివ్వట్లేదు. శనివారం మధ్యాహ్నం ఆట!"

నేను రిటైరై నెల రోజులైంది. ముప్ఫై ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పిన నోరు, చెప్పడానికి ఎవరూ లేక తహతహలాడుతోంది. సంచి సర్దుకున్నాను.

సూర్యాపేట: గ్రానైటు మీద నా విన్యాసం

తెల్లారేసరికి దిగాను. హైవే పక్క హోటల్లో ఇడ్లీ చెప్పాను. మా కాకినాడలో ఇడ్లీకి అల్లం పచ్చడి లేకపోతే గొడవలైపోతాయి. ఇక్కడ పల్లీ చట్నీ పోసి, పక్కన ఎర్రకారం పెట్టి, దానిమీద నెయ్యి వేశారు. మొదటి ముద్దకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండో ముద్దకి ఇంకో ప్లేటు చెప్పాను. టీ పది రూపాయలు, మాకూ అంతే, కానీ ఇక్కడి గ్లాసు చూస్తే మనసు నిండుతుంది.

దుకాణం తెరిచేసరికి మెట్ల మీద నేనున్నాను. యజమానురాలు రమాదేవి, నలభై ఐదేళ్ళుంటాయి, మెడలో టేపు, కళ్ళల్లో అనుమానం.

"కూసోండ్రి మేడం. చాయ్ తాగుండ్రి. ఇంకేమన్న అడుగుండ్రి, ఇస్త. పనోళ్ళ నంబర్ మాత్రం ఇయ్య" అంది.

"ఎందుకమ్మా?"

"ఇస్తే రేపు సక్కగ వాళ్ళింటికే పోతరు. ఇగ నా దుకాణం ఖతం."

"కాకినాడ నుంచి జాకెట్టు పట్టుకుని ఎవరొస్తారమ్మా ఇంతదూరం?"

"మీరు రాలేదా?" అంది.

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నాకు ఇంత సూటిగా జవాబు చెప్పిన విద్యార్థి లేడు. తర్వాత తెలిసింది, ఈ వ్యాపారంలో అందరి పద్ధతీ అదేనట. జాకెట్టు మీద పనిచేసిన చేతుల పేరు కట్టుకున్నవాళ్ళకి ఎప్పటికీ తెలియదు. గుమ్మానికి అటు దుకాణం, ఇటు మగ్గం.

స్టూలు మీద సత్యాగ్రహం మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాకా వచ్చిపోయే ఆడవాళ్ళందరికీ నా కథ చెప్పాను. స్కేటింగంటే ఏంటని ఒకావిడ అడిగింది. పిల్లలు చక్రాల బూట్లేసుకుని రోడ్డు మీద తిరుగుతారే, అదా అంది ఇంకొకావిడ. కాదు, కాదు అంటూ చెప్పులు విప్పాను. ఆ దుకాణంలో నేల నల్ల గ్రానైటు, అద్దంలా ఉంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులూ చాపి, "ఇదిగో, ఇలా తిరగాలి" అని తిరిగాను.

తిరిగింది అర చుట్టు. మిగతా సగం అస్తరు గుడ్డల (లైనింగుని ఇక్కడ అస్తరంటారు) గుట్టలో పూర్తిచేశాను. గుట్ట మెత్తగా ఉండబట్టి మోకాళ్ళు దక్కాయి. పైకి లేపడానికి నలుగురు పట్టారు. "అయ్యయ్యో" అంటూ పరుగున వచ్చిన రమాదేవి నన్ను లేపి, చీర సర్ది, నవ్వు ఆపుకోలేక టేపు నోట్లో కుక్కుకుంది.

"గా పిల్ల గిట్లనే తిరుగుతదా?"

"ఇలాగే. కాకపోతే పడదు. లట్కన్ పడితే మాత్రం ఇంటికొచ్చేస్తుంది."

ఆవిడ నవ్వు ఆగింది. కాసేపు నా మొహంలోకి చూసి, డ్రాయరు లాగి డైరీ తీసింది. "ఆమె పేరు ఎస్తేరు. కోదాడల ఉంటది. నిజం చెప్తున్న మేడం, మీ చెల్లె ఫోన్ చేసిన కాడికెల్లి నేను గూడ చేస్తున్న. రింగ్ అయితది, ఎత్తుతలేదు. ఇరవై ఏండ్ల దుకాణం, నా పనామె నాకే దొరుకుతలేదని ఎట్ల చెప్పాలె? సిగ్గయింది."

నంబరు, వీధి పేరు కాయితం మీద రాసిచ్చింది. దాంతోపాటు పొట్లం కట్టిన సకినాలు కూడా. నేను బస్టాండుకి వెళ్ళేలోపు పదిసార్లు ఎస్తేరుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

కోదాడ: సొరుగులో కీర్తన

కోదాడ నాకు కొత్త ఊరు కాదని తర్వాత లెక్క తేలింది. వచ్చిన రాత్రే ఈ ఊరు మీదుగా గురకపెడుతూ వెళ్ళాను. కథానాయిక ఇంటిముందు నుంచే నిద్రపోతూ దాటిపోయి, నలభై పైచిలుకు కిలోమీటర్లు వెనక్కి రావడం నావల్లే అవుతుంది.

చీకటి పడ్డాక దిగి లాడ్జిలో పడుకుని, శుక్రవారం పొద్దున్న వీధి పట్టుకున్నాను. ఎస్తేరు ఇంటికి తాళం. కిటికీలోంచి చూస్తే ముందుగదిలో మంచమంత మగ్గం, దానిమీద సగం కుట్టిన ఎర్రటి నెమలి. ఆ సూది ఇప్పుడే వదిలి లేచినట్టుంది. నేను కిటికీ చువ్వలు పట్టుకుని దొంగలా వేలాడుతుంటే పక్కింటావిడ చీపురుతో సహా వచ్చింది.

"ఎవరండీ మీరు? ఏం కావాలండీ?"

ఆవిడ రాజమ్మ. ఆ 'అండీ' వినగానే మా ఊరి గాలి తగిలినట్టయింది. కానీ మరుక్షణమే, "ఎస్తేరు ఊర్ల లేదండీ. మిర్యాలగూడ పోయింది. తమ్ముడి బిడ్డది ఓణీల ఫంక్షన్ రేపు. మేనత్త కదా, ముందుగాలనే పోవాలె" అంది. ఒకే నోట్లో రెండు జిల్లాలు! ఈ ఊళ్ళో అందరూ ఇలాగే మాట్లాడతారు, వినడానికి మహా రుచిగా ఉంటుంది.

"మరి ఫోనెందుకు ఎత్తట్లేదు?"

"ఫోను కింద పడి అద్దం పగిలిందండీ. బస్టాండు కాడ రిపేరుకిచ్చిపోయింది."

ఆ రిపేరు దుకాణానికి ఇద్దరం వెళ్ళాం. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, ముందు ఫోన్ల గుట్ట. ఏది ఎస్తేరుదో ఆయనకి గుర్తులేదు. నేను నంబరు నొక్కాను. సొరుగులోంచి క్రీస్తు కీర్తన ఒకటి గట్టిగా మొదలైంది.

"ఇదేనా? నిన్న సాయంత్రం నుంచి మరీ చంపుతోందండీ. ఎత్తుదామంటే అద్దం పని చెయ్యదు. ఎవరో గానీ అసలు పనీపాటా లేని మనిషండీ" అన్నాడు.

"నేనేనండి" అన్నాను.

పాపం, ఆయన వెంటనే నిమ్మసోడా తెప్పించాడు. కొత్త అద్దం సాయంత్రానికి విజయవాడ నుంచి వచ్చింది, బిగించాడు. ఎస్తేరు తమ్ముడి నంబరు దొరుకుతుందని ఆశపడ్డాను. ఫోను తెరుచుకోవాలంటే చుక్కల మీద గీత గీయాలి, ఆ గీత ఎస్తేరుకే తెలుసు. నేనూ రాజమ్మా చెరో రకం ముగ్గు ప్రయత్నించాం. ఫోను అలిగి అరగంట తాళం వేసుకుంది.

"పరేషాన్ గాకండీ. తమ్ముడిల్లు నాకు తెల్వదు గానీ ఫంక్షన్ హాల్ తెలుసు. రేపు నేనూ పోతున్న, కలిసి పోదాం" అంది రాజమ్మ. అప్పటికి ముక్కూ మొహం తెలిసి పూట గడిచింది, అంతే. మళ్ళీ లాడ్జికే వెళ్తానంటే సంచి లాక్కుంది. గోంగూర, ఎండురొయ్యల కూర వడ్డించింది. మా గోదావరి నాలుక కారానికి బిత్తరపోయి పెరుగు కోసం చేతులు చాపితే, "ఇయ్యాల కారం తక్కువేసిన, మీరొచ్చినరని" అంది నెమ్మదిగా.

సుజాతకి మెసేజ్ పెట్టాను: "దొరికింది. అంటే, ఎక్కడుందో దొరికింది. కత్తెర ముట్టుకోకండి."

నేరేడుచర్ల: బురదలో మార్కులు

శనివారం తొలి బస్సు. తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, రాజమ్మ దర్జాగా ఆధార్ కార్డు చూపించింది. నేనూ అంతే దర్జాగా నాది చూపించాను. కండక్టరమ్మ చూసి, "మీది ఆంధ్రా కార్డు మేడం. టికెట్ దీస్కోవాలె" అంది. బస్సంతా ఆడవాళ్ళే. అందరూ తిరిగి నావైపు చూశారు. ఆ బస్సులో టికెట్ కొన్న ఏకైక మహిళగా చరిత్రలో నిలిచాను.

హుజూర్‌నగర్ దాటి నేరేడుచర్ల చేరేసరికి టైరు పేలింది. ఇంకో బస్సుకి గంట పడుతుందట. రాజమ్మ రోడ్డు మధ్యలోకి నడిచి, చెయ్యి అడ్డంపెట్టి ఒక షేర్ ఆటో ఆపింది. అందులో అప్పటికే ఎనిమిదిమంది ఆడవాళ్ళు. యాసంగి, అంటే మా దాళ్వా, నాట్లు నడుస్తున్నాయి. ఒక మడి ముగించి ఇంకో మడికి పోతున్నారు. మోకాళ్ళదాకా బురద ఎండి బూడిదరంగుకి తిరిగింది. సగం ఒకావిడ ఒడిలో, సగం గాల్లో కూర్చున్నాను.

"యాడికి పోతున్నరమ్మా?"

చెప్పాను. జారుడు, తిరుగుడు, లట్కను, మార్కు కోత, అన్నీ. ఆటో చప్పుడు మీద అరుస్తూ చెప్పాను.

"మంచు మీద జారుకుంట పడకుండ నిలవడాలె, గంతేనా?" అంది ఒక పెద్దావిడ. "మేం పొద్దుగాలకెల్లి బురదల గదే చేస్తున్నం గదా. వంగుడు గూడ ఎక్కువ. మాకెవలేస్తరు మార్కులు?"

ఆటో ఆటో అంతా ఘొల్లుమంది. నవ్వులో నేను జారిపోతుంటే నలుగురు నడుం పట్టుకుని ఆపారు. సాగర్ కాలువ దగ్గర వాళ్ళు దిగిపోతూ, "మీ పిల్ల గెలవాలె" అన్నారు. ఆ పెద్దావిడైతే గట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండు చేతులూ చాపి చూపించింది. నేను గ్రానైటు మీద చేసినదానికంటే వందరెట్లు బాగుంది.

మిర్యాలగూడ: కొయ్యి అత్తా

మిర్యాలగూడ ముందు ముక్కుకి తెలుస్తుంది. ఉడికిన వడ్లు, తవుడు, వేడి. రోడ్డుకి రెండువైపులా రైసుమిల్లులు, వాటి మధ్యలో ఫంక్షన్ హాలు. పదకొండు దాటింది. కొరియాలో మధ్యాహ్నం రెండున్నర దాటినట్టు. మన టైము ప్రకారం ఒంటిగంటన్నరకి కీర్తన ఆట. కోచ్ పన్నెండున్నరకల్లా డ్రెస్సు వేసుకుని తయారుగా ఉండాలందట.

గుమ్మంలో పన్నీరు చల్లుతున్న ఆకుపచ్చ చీర మనిషిని రాజమ్మ భుజం పట్టి తిప్పింది. "అగో, గీమెనే."

ఎస్తేరు సన్నగా, చామనఛాయగా ఉంది. కుడిచేతి చూపుడువేలు కొసన సూది చేసిన కాయ. నేను ముందు ఫోను ఆవిడ చేతిలో పెట్టాను. "ఇది నీ ఫోను. నీలం డ్రెస్సు గుర్తుందా, వీపు మీద వెండి తీగలు? ఆ పిల్ల పెద్దమ్మని నేను."

ఆవిడ మొహం విచ్చుకుంది. "మంచిగున్నదా అక్కా? ఆ లట్కన్లు నేనే సొంతంగ పెట్టిన. గంత మంచి పని చేసి వీపు బోసిగ పంపబుద్ధి గాలే."

చెప్పక తప్పలేదు. చెప్తుంటే ఆ మొహం రంగు మారింది. పన్నీరు బుడ్డి పక్కన పెట్టి గోడకి ఆనుకుంది. "నా చేతులతోని పిల్ల బతుకు ఖరాబ్ జేస్తినా" అంది. ఆవిణ్ణి ఓదార్చడానికి టైము లేదు. వీడియో కాల్ కలిపాను. తెరమీద కీర్తన, పక్కన సుజాత చేతిలో కత్తెర.

"కత్తెర కింద పెట్టు బిడ్డా!" అని అరిచింది ఎస్తేరు. హాల్లో సగంమంది ఇటు తిరిగారు.

చిక్కేంటంటే, మెడచుట్టూ తిరిగిన గొలుసుకుట్టూ, లట్కను కట్టిన దారమూ ఒక్కటే. మధ్యలో తెంపకుండా ఒకే దారంతో చెయ్యడం ఎస్తేరు పద్ధతి, దాని గర్వం కూడా. ముందు లోపలినుంచి ఒక ఉచ్చు లాగి, ఫలానా పూస కింద మూడు ముళ్ళు బిగించి, అప్పుడు కొయ్యాలి. ఆవిడ నోటితో చెప్తోంది, వాళ్ళకి అర్థం కావట్లేదు. ఏ పూస? ఏ ఉచ్చు? కోచ్ అవతల గడియారం చూపిస్తోంది. పది నిమిషాలు అలాగే పోయాయి.

"చేసి చూపియ్యాలె, చెప్తే రాదు" అంది ఎస్తేరు. అని, స్టేజీ వైపు చూసింది.

స్టేజీ మీద సింహాసనం లాంటి కుర్చీలో ఆవిడ మేనకోడలు స్నేహ. పదమూడేళ్ళ పిల్ల, గులాబీరంగు ఓణీ. దాని జాకెట్టు మేనత్త కానుక. అదే గొలుసుకుట్టు, అవే లట్కన్లు. వారం తేడాలో రెండూ ఒకే మగ్గం మీద నుంచి దిగాయి.

ఎస్తేరు అడగలేదు. అడగలేకపోయింది. పండగనాడు పిల్ల వంటిమీది బట్టకి కత్తెర పెడతానని ఎలా అడుగుతుంది? నేనే స్టేజీ ఎక్కి, ఆ పిల్ల పక్కన కూర్చుని, ఫోన్లో కీర్తనని చూపించి సంగతి చెప్పాను. కింద ఒక ముసలావిడ, "శుభకార్యం నాడు కత్తెర పెడ్తరా ఎవలన్న?" అంది. నిజమే, మా ఇంట్లో అయితే నేనూ అదే మాట అనేదాన్ని.

స్నేహ ఫోన్లో కీర్తన బూట్ల వైపు చూసింది. ఆ బద్దె వైపు చూసింది. తర్వాత కుర్చీలో వెనక్కి తిరిగి, జడ ముందుకి వేసుకుని వీపు చూపించింది.

"కొయ్యి అత్తా" అంది. "ఆ అక్క ఎగరాలె గదా."

నేను ఏడ్చేశాను. దాచడానికేముంది.

ఎస్తేరు మోకాళ్ళమీద కూర్చుంది. సూది దండలవాళ్ళ దగ్గర దొరికింది, కత్తెర క్యాటరింగువాళ్ళ దగ్గర. స్నేహ వీపు మీద ఎస్తేరు వేళ్ళు, కొరియాలో డ్రెస్సు మీద సుజాత వేళ్ళు, రెండూ ఒకేసారి కదిలాయి. ఫోను పట్టుకున్న నా మోచెయ్యి కింద రాజమ్మ చెయ్యి పెట్టింది. "మూడో పూస. ఆఁ, గదే. లోపలికెల్లి గుంజు. మెల్లగ, బిడ్డా. ఒక ముడి. ఇంకోటి. ఇంకోటి. ఇగ కొయ్యి."

ఇక్కడ రెండు లట్కన్లు కిందపడ్డాయి. అక్కడ రెండు. గొలుసు కదల్లేదు, ఒక్క పూస రాలలేదు. ఎస్తేరు తన జడలోంచి కనకాంబరాలు తీసి స్నేహ వీపు మీద కుచ్చుగా గుచ్చింది. నన్నడిగితే లట్కన్లకన్నా అదే బాగుంది.

బగారా అన్నంతో ఫలితాలు

ఫంక్షనుకని పెద్ద ఎల్‌ఈడీ తెర అద్దెకి తెచ్చారు. దానిమీద స్నేహ ఫోటోలు తిరుగుతున్నాయి. ఎస్తేరు తమ్ముడు ఫోటోలు ఆపించి యూట్యూబ్‌లో స్కేటింగ్ పెట్టించాడు. బొమ్మ వచ్చింది గానీ శబ్దం రాలేదు. బయట డీజే మాత్రం ఆపలేదు. అంచేత కొరియా మంచు మీద మా కీర్తన మిర్యాలగూడ డీజే దరువుకి ఆడింది. చెప్తే నమ్మరు, అడుగు కుదిరింది!

నీలం డ్రెస్సు, వీపున వెండి తీగలు. ఎగిరింది, దిగింది, హాలు హోరెత్తింది. రెండోసారి ఎగిరి దిగేటప్పుడు తూలింది, చెయ్యి మంచుకి తగిలింది. మూడొందలమంది ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. పడలేదు. చివర గిరగిరా తిరిగినప్పుడు ఎస్తేరు నా చెయ్యి నలిపేసింది. మంచు మీద ఏమీ రాలలేదు. మార్కులొచ్చాయి. కోత గడిలో సున్నా చూసి కుర్చీ ఎక్కబోయాను, రాజమ్మ దించింది.

అప్పటికి ఇరవైమంది ఆడారు, కీర్తన పదిహేనో స్థానం. ఇంకా పదిమంది ఉన్నారు, అందరూ పెద్ద ఆటగత్తెలే. పదిమందీ దాటేస్తే మనపిల్ల ఇరవై ఐదు. ఒక్కరు వెనక పడితే చాలు. ఈ లెక్క నేను మైకులో చెప్పాను, పాత వృత్తి కదా. బంతులు మొదలయ్యాయి. బగారా అన్నం, మటన్, తలకాయ కూర. మా పనసపొట్టు కూరనీ పులిహోరనీ ఆ పూటకి పూర్తిగా మర్చిపోయాను. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళంతా తెరవైపు తిరిగి తింటున్నారు. పదహారు. పదిహేడు. పద్దెనిమిది. రైసుమిల్లు గుమస్తా ఒకాయన కార్డు వెనక గీతలు గీస్తున్నాడు. ఇరవై మూడు. ఇరవై నాలుగు. ఇంకొక్క అమ్మాయి.

"అయ్యగారూ, ప్రార్థన చేయండి" అన్నాను, ఫంక్షనుకి ప్రార్థన చేయడానికొచ్చిన పాస్టరుగారితో.

"ఏమని చెయ్యాలమ్మా? ఆ బిడ్డ పడాలనా?"

నాలుక కరుచుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని, ఎవరూ పడకూడదనీ, అందరు బిడ్డలూ క్షేమంగా ఇళ్ళకి చేరాలనీ చేశారు. ఆఖరి అమ్మాయి ఎర్ర డ్రెస్సులో వచ్చింది. పడలేదు. కానీ ఒక పెద్ద దూకు మధ్యలో ముడుచుకున్న చేతులు విడిపోయి, మూడు చుట్లు తిరగాల్సింది ఒక్క చుట్టే తిరిగి దిగింది. అంకెలొచ్చేదాకా మటన్ ముక్క నోట్లోనే ఉంచుకున్నాను.

ఆ అమ్మాయి ఇరవై ఐదు. మా కీర్తన ఇరవై నాలుగు. తేడా ఒక్క మార్కు కూడా లేదు, అర మార్కు పైన ఏదో కాస్త.

అరుపులకి డీజే కూడా ఆగిపోయింది. ఎస్తేరు మాత్రం నిలబడే ఉంది, వేళ్ళు మడుస్తూ. "అక్కా, అర మార్కేనా? లట్కన్ పడితే ఒకటి పోతుండె గదా? అంటే..."

"అంటే ఇంటికే" అన్నాను.

నేలమీద చతికిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది. స్నేహ స్టేజీ దిగొచ్చి మేనత్త మెడ చుట్టూ చేతులేసింది. కానుకగా నా చేతి ఉంగరం తీసి ఆ పిల్ల వేలికి పెట్టాను.

మళ్ళీ సూర్యాపేట

రెండో ఆట సోమవారం. అందాకా కోదాడలోనే ఉండి, రమాదేవి దుకాణానికి వెళ్ళి చూశాను. ఎస్తేరుని నాతో లాక్కొచ్చాను. కొరియా అమ్మాయే గెలిచింది, జపాన్‌వాళ్ళు తర్వాత. కీర్తన ఒకసారి పడింది, నవ్వుతూ లేచింది, ఇరవై మూడో స్థానంతో ముగించింది. ఒక మెట్టు పైకే! జాకెట్లకొచ్చిన ఆడవాళ్ళు ఆ డ్రెస్సు పని ఎవరు చేశారని అడిగారు. రమాదేవి ఒక్క క్షణం టేపు సవరించుకుంది. "కోదాడ ఎస్తేరు. ఇగో, గీమెనే" అంది. ఎస్తేరు తల వంచుకుని వేలి కాయ రుద్దుకుంటూ నిలబడింది.

నిన్న కీర్తన ఫోన్ చేసింది. వచ్చే ఏడాదికి కొత్త డ్రెస్సు, మళ్ళీ ఎస్తేరాంటీయే చెయ్యాలట, లట్కన్లు వద్దని గట్టిగా చెప్పమంది. వెంటనే ఎస్తేరుకి చేశాను. ఈసారి మొదటి రింగుకే ఎత్తింది.

"లట్కన్లు వద్దమ్మా" అన్నాను.

"మళ్ళ పెడ్తనా అక్కా? నాకు బుద్ధి లేదా?" అంది. మగ్గం మీద సూది టకటక ఒక్కటే వినపడుతోంది.

"ఏంటి ఆలోచిస్తున్నావు?"

"ఏం లేదక్కా. బయట పెట్ట. లోపల, గుండె కాడ, సన్నటియి రెండు కుట్టి అస్తరేసి మూసేస్త. మార్కులేసేటోళ్ళకు కనపడయి, ఊడి పడయి. బిడ్డను బోసిగ ఎట్ల పంపుత చెప్పు?"